ఫరహత్ పడవ లెక్క

ముప్పై ఏళ్లు జమ్మలమడుగు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. లెక్క తప్పిన పిల్లల చెవులు మెలిపెట్టిన చేతులివి. అందుకే మైలవరం డ్యాములో తెరచాప పడవల పందెం పెట్టినప్పుడు టైము రాసే పని నాకే అప్పగించారు. సూర్యప్రకాశరావు సారుంటే ఇంక ఢోకా లేదన్నారు. ఆ మాటకు నేనూ పొంగిపోయాను, నా ముఖం మండ!

ఆ పందెంలో పడవలన్నీ ఒక రకం కావు. రెండు తెరచాపల పెద్ద పడవలున్నాయి, ఒక్కరే నడిపే చిన్నవీ ఉన్నాయి. అన్నీ ఒకేసారి బయలుదేరతాయి. అలాగని ముందు గట్టు చేరినవాళ్లే గెలిచినట్టు కాదు. ఒక్కో రకానికి ఒక అంకె ఉంటుంది, నిదానం పడవకు పెద్ద అంకె. పట్టిన టైమును నూరుతో గుణించి ఆ అంకెతో భాగించాలి. ఎవరికి తక్కువ వస్తే వాళ్లదే గెలుపు. పందెంలో దిగే పిల్లలందరికీ ఈ లెక్క బోర్డు మీద వేసి మరీ నేర్పింది నేనే. గెలిస్తే కాకినాడ శిక్షణ శిబిరంలో సీటు. మన జిల్లాకు ఇచ్చింది ఒక్కటే.

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషికి ఆరోజే పులివెందులలో పెండ్లి ఉంది. కలమల్ల కుర్రాడు శ్రీధర్ పెద్ద పడవ నలభై నాలుగు నిమిషాలకు గట్టు చేరగానే ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంక మనవాళ్లు ఆగుతారా? శాలువా, దండ, ఫోటో చకచకా అయిపోయాయి. మైకులో విజేత అంటూ పేరూ టైమూ చదివేశారు. ఇంకా ఆరు పడవలు నీళ్లలోనే ఉన్నాయి. ఆపండయ్యా అనాల్సింది నేను. పెద్దవాళ్లను చూసి, తల వంచుకుని టైములు రాసుకుంటూ కూర్చున్నాను.

ప్రొద్దుటూరు పిల్ల ఫరహత్ చిన్న పడవ అరవై మూడు నిమిషాల ఇరవై సెకండ్లకు వచ్చింది. అప్పటికి షామియానా విప్పుతున్నారు. తన టైము అడిగితే చెప్పాను. తర్వాత కూర్చుని లెక్క వేశాను. శ్రీధర్‌కు పడవ అంకె నూట పదితో భాగిస్తే నలభై నిమిషాలు. ఫరహత్‌కు నూట అరవైతో భాగిస్తే ముప్పై తొమ్మిది నిమిషాల ముప్పై అయిదు సెకండ్లు. అందరికన్నా తక్కువ ఆ పిల్లదే. కప్పిన శాలువాను ఎట్లా తీయించేది? ఫలితాల కాగితం మీద శ్రీధర్ పేరే రాసి సంతకం పెట్టాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పది రోజులు అన్నం సయించలేదు. పదకొండో రోజు పొద్దున కాకినాడకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. శిబిరం మొదలై రెండు రోజులయింది, ఇప్పుడు మార్చడం కుదరదు, ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగారు. ఫోన్ పెట్టేసి ప్రొద్దుటూరు బస్సెక్కాను.

ఫరహత్ తల్లి ఖమర్‌బీ మిషను మీద జాకెట్లు కుడుతూ ఉంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది, సారొచ్చినాడని పిల్లను టీ పెట్టమంది. ఆ మర్యాదకు నాకు తల కొట్టేసినట్టయింది. టీ వద్దని, నిలబడే అంతా చెప్పాను. ఖమర్‌బీ నా వైపు చూడకుండా చేతిలోని గుడ్డ మడతపెట్టింది.

ఫరహత్ లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చింది. రెండు పేజీల నిండా అదే లెక్క, తొమ్మిదిసార్లు వేసి ఉంది. అన్నిటికీ ఒకటే జవాబు.

“ఆ పొద్దే ఏసినా సార్. నాదే తక్కువొచ్చాంది. మీరు తప్పు ఎయ్యరు కదా, నేనే యాడో తప్పు చేస్తాండానని మల్లా మల్లా ఏసినా.”

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

“అయితే నా లెక్క కరెక్టేనా సార్?” అంది.

“కరెక్టేనమ్మా. తప్పు నాది.”

ఆ పిల్ల పుస్తకం నా ముందు పెట్టి, నా జేబులోని ఎర్రపెన్ను వైపు చూసింది. తొమ్మిది లెక్కలకూ టిక్కులు పెట్టాను.