రాతి హోటలు అరుగు

వాచ్‌మన్ కర్రతో పుల్లమ్మ క్యారియర్‌ను అరుగు మీదినుంచి కిందికి నెట్టాడు. అన్నం మట్టిపాలైంది. "ఇది గవర్నమెంటాఫీసు. అడ్డా గిడ్డా ఇంకోచోట పెట్టుకోండి!"

తోటి కూలీ కరీమున్నీసాకు ఒళ్లు మండిపోయింది. మాచర్ల రాతి హోటలు కట్టిన నాటినుంచీ కూలీల అడ్డా ఆ నాపరాళ్ల అరుగే. పొద్దున్నే తట్టా పారా పట్టుకుని అక్కడ కూర్చున్నవాళ్లకే పని దొరుకుతుంది. లేదంటే ఆ పూట పస్తే. మూతపడ్డ హోటలును ఆఫీసుగా మార్చిందీ ఈ కూలీలే. ఏడాదిపాటు తను మోసిన ఇసుకతోనే తన చోటు చుట్టూ గోడ లేచింది. అరుగు తమకు వదలమని ఆఫీసులో మూడు అర్జీలు పెట్టారు. మూడుసార్లూ సారు క్యాంపుకెళ్లాడన్న జవాబే. ఆమెకు విసుగెత్తిపోయింది.

గోడలో ఒక్క సందు మిగిలింది. సామాను ట్రాక్టరు కోసం తాపీవాళ్లు వదిలి, ఆఖరున పూడ్చే దారి అది. అరుగు మీదికి ఇక అదే దారి.

"ఒరేయ్ మౌలాలీ, ఎల్లుండి ప్రారంభోత్సవం. ఇయ్యాల మూసెయ్!" అన్నాడు కాంట్రాక్టరు.

మౌలాలీ మేస్త్రీ సిమెంటు మాలు కలిపించి తాపీ అందుకున్నాడు. కరీమున్నీసా అడ్డం నిలబడింది.

"ఏందన్నా, నువ్వే మూస్తావా?"

"నేను గాకపోతే ఇంకొకడు మూస్తాడు చెల్లే."

"గోడ పార్కింగుకన్నారు, ఇంకేం అడక్కుండా కట్టాం. తప్పు మనదే. ఇంకో తప్పు జేద్దామా?"

"ఈ పని పోద్దక్కా, ఇంటో పిల్లలుండారు," గొణిగాడు కూలీ యాసిన్.

"అడ్డా పోతే రోజూ పోద్ది గదరా!" పుల్లమ్మ అరిచింది.

కలిపిన మాలు పారబోయడం మౌలాలీ ఇంటావంటా లేదు. అయినా తాపీ కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. తట్టలోని మాలు గట్టిపడిపోయింది.

కాంట్రాక్టరు వెల్దుర్తి నుంచి వేరే ముఠాను దింపాడు. వాళ్ల మేస్త్రీ జహంగీర్ సంగతంతా విన్నాడు. "మా ఊళ్లో మాకూ అడ్డా ఉంది సార్. మావల్ల గాదు," అని అతనూ అరుగెక్కాడు.

సాయంత్రం పోలీసులొచ్చి మౌలాలీని, కరీమున్నీసాను జీపెక్కించారు.

మర్నాడు పొద్దున స్టేషన్లో ఎస్సై ఫోన్లో కేకలేస్తున్నాడు: "ఊళ్లో ఒక్క కూలీ దొరకలేదా? మా ఇంటి స్లాబు ఇయ్యాలేరా!"

అరుగు మీదున్నవాళ్లెవరూ లేవలేదని ఆమెకు అర్థమైంది. రాత్రంతా దిగమింగిన ఏడుపు అప్పుడొచ్చింది. కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

"మమ్మల్నొదిలినా మీ స్లాబు పడదు సారూ. ముందు ఆ గోడ పడాల!"