తిరిగి రాని స్టీరింగు

కారు తాళం చెవి వంటగది గుమ్మం పక్కనున్న మేకుకు వేలాడుతూ ఉండేది. మలుపులో కారు స్తంభానికి రాసుకున్న రోజు నుంచి అది ఆమె భర్త చొక్కా జేబులోకి మకాం మార్చింది. ఆమెను బండి నడపొద్దని ఎవరూ అనలేదు. తాళం సంగతి అసలు ఎవరూ ఎత్తకపోవడమే ఆమెకు అరికాల్లో ముల్లులా ఉంది.

పెద్ద ప్రమాదమేమీ కాదు. పక్క సీట్లో అత్తగారు. మందుల కొట్టు దగ్గర ఎడమ మలుపు. తిప్పింది. మలుపు దాటుతూనే ఎప్పటిలాగే పట్టు సడలించింది. స్టీరింగు తనంతట తాను అరచేతుల్లోంచి జారుతూ వెనక్కి రావాలి. రాలేదు. కారు అలా ఎడమకే పోయి స్తంభానికి చెంప రాసుకుంది. హెడ్‌లైటు పగిలింది. మనుషులకు గీత కూడా పడలేదు.

"నేను వదిలాను, అది రాలేదు" అని ఆమె.

"కళ్లారా చూశానమ్మాయ్. తిప్పిన స్టీరింగు తిప్పినట్టే ఉంది. నువ్వు బిగబట్టుకుని కూర్చున్నావు" అని అత్తగారు.

భర్త ఇద్దరి మాటా విన్నాడు. "కంగారులో చేతులు బిగుసుకుంటాయిలే, ఎవరికైనా జరిగేదే" అన్నాడు. ఆ ఓదార్పు ఆమెకు తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. అప్పటినుంచీ తన చేతుల మీద తనకే అనుమానం. కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఆగి వాటి వంక చూసుకునేది. నిజంగా వదిలానా? వదిలాననుకున్నానా?

హెడ్‌లైటు మార్చిన మెకానిక్కు కారు కింద తొంగి చూసి, ముందు చక్రాల బాల్ జాయింట్ల మీద రబ్బరు తొడుగులు చిరిగాయనీ, రెండూ మార్చుకోవడం మంచిదనీ చెప్పాడు. అవేమిటో తమ్ముణ్ణి అడిగి తెలుసుకుంది.

"మన తుంటి కీలు లాంటిదక్కా. గిన్నెలో గుండు. చక్రం పక్కకి తిరగాలన్నా, గోతిలో పడి లేవాలన్నా దాని మీదే."

భర్త మాత్రం చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. "అరిగితే ఊగాలి కదా. ఇది కదలను కూడా కదలట్లేదు" అన్నాడు. అయినా మెకానిక్కు మాట తీసేయలేక కొత్తవి తెచ్చాడు. ఆదివారం ఆమె తమ్ముణ్ణి సాయానికి పిలిచాడు.

ఆ పొద్దున ఆమె మనసులో ఒకటే కోరిక. ఎడమవైపు జాయింటు ఊడొచ్చే పన్నులా గిలగిల్లాడుతూ రావాలి. అలా వస్తే తప్పు బండిది. గట్టిగా ఉంటే, తప్పు ఈ చేతులది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. చేతులు మడుచుకుంటూనే మొదలుపెట్టాడు. "ముందే చెప్తున్నా బావా. నా సర్వీసంతా పైకీ కిందకీ పోయేవాటితో. పక్కలకి తిరిగేవి నాకు కొత్త."

"నువ్వు సుత్తి పట్టుకో చాలు. బుర్ర నేను పెడతా."

"పెట్టు, కానీ సుత్తికి కాస్త దూరంగా పెట్టు."

వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, జాకీతో ముందుభాగం ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, ఎడమ చక్రం ఊడదీశారు. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని, నొప్పి మోకాలు స్టూలు మీద చాపుకుని, తీర్పు వినడానికి వచ్చిన దానిలా కూర్చుంది.

నట్టుకు అడ్డంగా ఉన్న పిన్ను తుప్పుపట్టి ముక్కలుగా రాలింది. నట్టయితే వచ్చింది గానీ జాయింటు రాలేదు. భర్త దాని నెత్తిన ఒక్కటివ్వబోతే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"నెత్తిన కొడితే విచ్చుకుపోతుంది బావా, ఇక జన్మలో రాదు. దాన్ని పట్టుకున్న ఇనుముంది చూడు, దాని డొక్కలో కొట్టు."

సుత్తి దెబ్బలు పడుతుంటే ఆమె ఓ చోట నిలవలేకపోయింది. లోపలికెళ్లి వెలిగించని పొయ్యిని ఆర్పబోయింది. బయటికొచ్చింది. మంచినీళ్లు తెచ్చి, ఎవరికీ ఇవ్వకుండానే తీసుకుపోయింది.

"ఏమిటమ్మాయ్, కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడు? ఓ చోట కుదురుగా కూర్చో" అంది అత్తగారు.

"కూర్చుంటానత్తయ్యా" అని మళ్లీ లోపలికెళ్లింది.

టంగుమని పెద్ద చప్పుడు. ఆమె వచ్చేసరికి జాయింటు ఊడింది. కిందనున్న బోల్టులు విప్పి భర్త దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ వంచబోయాడు. బొటనవేళ్లు ఎర్రబడ్డాయి గానీ అది చలించలేదు.

"రాయిలా ఉంది. ఇది అరిగిందంటే ఎవరు నమ్ముతారు?"

తమ్ముడు కూడా ప్రయత్నించి, అక్క మొహం వంక చూడకుండా దాన్ని పాత కాగితం మీద పెట్టేశాడు.

"నేను చెప్పలా" అంది అత్తగారు. గొంతులో గెలుపేమీ లేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

ఆమె పంపు దగ్గర నిలబడి మట్టి అంటని చేతులను సబ్బుతో తోమింది, మళ్లీ తోమింది. బయట కొత్తది బిగిస్తున్న చప్పుడు. కాసేపటికి చోటు మారి, కుడివైపు నుంచి సుత్తి మోత. ఇక తాళం అడగను, అనుకుంది. ఎక్కడికైనా నడిచి వెళ్తాను.

"అక్కా! ఆ రెండో కొత్తది ఇలా అందుకో!"

వెళ్లేసరికి కుడివైపు పాతది భర్త చేతిలో ఉంది. దాన్ని వేలితో తోస్తున్నాడు. "ఇది చూడు, తోస్తే కదులుతోంది. పాడైందంటే ఇదే."

ఆమె అట్టపెట్టె తెరిచి, కొత్తదాన్ని సంచిలోంచి తీసింది. ఏ వస్తువూ తిప్పి చూడకుండా ఎవరి చేతికీ ఇచ్చే అలవాటు లేదు. బొటనవేలితో తోసింది. కదిలింది. చిక్కటి తేనెలో చెంచాలా, నింపాదిగా. వదిలిన చోట ఆగింది. మళ్లీ తోస్తే వెనక్కి వచ్చింది.

"ఇదీ కదులుతోంది."

"ఏది?"

"కొత్తది. మీరు పాడైందన్నది ఎలా కదులుతోందో, అలాగే."

ఆమె కాగితం మీది ఎడమ జాయింటు అందుకుంది. రెండు బొటనవేళ్లూ ఆనించి బలమంతా పెట్టింది. ఊహూ.

"మరి ఇదెందుకు కదలదు?"

"గట్టిగా ఉందంటే మంచిదనేగా..." అని తమ్ముడు సాగదీశాడు.

గుమ్మంలోంచి అత్తగారు ఫక్కున నవ్వింది. "నా మోకాలు కూడా గట్టిగానే ఉందయ్యా లిఫ్టు బాబూ! పొద్దున్నే ఇద్దరు పట్టి వంచినా వంగదు. మంచిదేనంటావా?" అని కొడుకు వైపు తిరిగింది. "ఏరా, మరి నన్ను డాక్టరు దగ్గరికి ఎందుకు తిప్పుతున్నావు?"

తమ్ముడు స్క్రూడ్రైవరుతో చిరిగిన రబ్బరు తొడుగును చీల్చాడు. లోపల గ్రీజు లేదు. గోధుమరంగు నీళ్లు రెండు చుక్కలు కారాయి, వెనకాలే తుప్పు పొడి రాలింది.

"చిరుగులోంచి నీళ్లు దూరాయక్కా. గుండు గిన్నెకి కరుచుకుపోయింది."

భర్త కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, గాలిలో ఒక స్టీరింగు తిప్పాడు. "పవర్ స్టీరింగు కదా, తిప్పేటప్పుడు బరువు తెలీదు. వదిలాక చక్రాలు వాటంతట అవే వెనక్కి రావాలి, కీలు పట్టేస్తే..." అని ఆగాడు. "అది రాలేదు."

"అంటే తిప్పినట్టే ఉందని నేను చూసింది నిజమే" అంది అత్తగారు.

"నిజమే అత్తయ్యా. నేను వదిలిందీ నిజమే."

ఆవిడ కోడలి చేతుల వంక కాసేపు చూసింది. "ఔను. నేను స్టీరింగు చూశాను. నీ చేతులు చూడలేదు."

ఆ మాటకి ఏదో బరువు దిగాలి. దిగలేదు. రోడ్డు మీద చూస్తే గానీ దిగదని ఆమెకు తెలుసు. రెండోది బిగించి, నట్టుకు కొత్త పిన్ను దోపి కొనలు వంచి, చక్రాలు ఎక్కించేదాకా ఆమె కారు చుట్టూ తిరుగుతూనే ఉంది. పని ముగిసి భర్త లేవగానే చెయ్యి చాచింది. ఆయన తన గ్రీజు చేతులు చూసుకుని, జేబు ముందుకు పెట్టాడు. తాళం ఆమే తీసుకుంది.

"నెమ్మదిగా. చక్రాల అలైన్‌మెంటు ఇంకా సరిచేయించాలి."

"ఆ మలుపు దాకానే."

"ఉండు, నేనూ వస్తా" అంది అత్తగారు. తమ్ముడు ఆవిడ మోకాలును జాగ్రత్తగా కారులోకి చేర్చి, "గట్టి కీలు, భద్రం" అంటూ తలుపు వేశాడు.

మందుల కొట్టు. స్తంభం మీద తమ కారు రంగు గీత. ఎడమకి తిప్పింది. అత్తగారు రోడ్డు వైపు చూడటం లేదు, చూపంతా కోడలి చేతుల మీదే. ఆమె వేళ్లు విప్పింది. స్టీరింగు ఒక్క క్షణం ఆగినట్టనిపించి, అరచేతులను నిమురుతూ తనంతట తాను వెనక్కి వచ్చింది.

"వచ్చింది" అంది అత్తగారు.

"ఒక్కసారికి ఏం తెలుస్తుంది అత్తయ్యా?"

"నేనూ అదే అంటున్నా. తిప్పు."

వీధి చుట్టి వచ్చి మళ్లీ అదే మలుపు తిరిగారు. మళ్లీ వచ్చారు. మూడోసారి వచ్చేసరికి మందుల కొట్టాయన బయటికొచ్చి, స్తంభం పక్కనున్న తన బోర్డును లోపలికి జరుపుకుంటున్నాడు. అత్తగారు కిటికీలోంచి ఆయనకు చెయ్యూపింది. ఆమె వేళ్లు విప్పి, స్టీరింగు తిరిగి రావడం చూసుకుని, నాలుగోసారి ఆ మలుపుకు రావడానికి ముందుకు పోనిచ్చింది.