అక్షరం నీడ ఏ పక్క

ఈశ్వరికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే — నాయన ఒకరోజు తన అక్షరాలను తానే గుర్తుపట్టడని.

నాయన వేళ్లకు కిరసనాయిలు వాసన.

కుంచె కడగడం మాని పదేళ్లయినా పోలేదు. ఆ వాసనలోనే ఆమె పెరిగింది. ఇప్పుడు ఆమె రెండేళ్ల కూతురు ఆశ్రిత నిద్రపోయేదీ ఆ వాసనలోనే.

తిప్పేస్వామి. రాయదుర్గం గోడల మీద సినిమా పేర్లు రాసిన చెయ్యి.

బండిచక్రమంత సున్న. మీసం మెలేసినట్టు తలకట్టు. ప్రతి అక్షరం వెనకా నల్లటి నీడ.

"ఎండల సీమ మ్మే ఇది. అక్షరానికి గూడా నీడ ఉండాల," అనేవాడు.

ఇప్పుడు మతిమరుపు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి లేదు. మనవరాలి పేరూ లేదు.

అందుకే ఆమెకు తొందర... ఆ అక్షరాలన్నీ వెలిసిపోకముందే ఫాంటు చేయించాలని. ఎవరు ఏ కంప్యూటర్లో కొట్టినా నాయన చెయ్యే పలకాలని.

ఈశ్వరి ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. జీన్సు కుట్టే మిషను మీద నుంచి లేచి, బిడ్డను చంకనేసుకుని గోడగోడా తిరిగింది. ఫోటోలు తీసింది. కాగితాల మీద దిద్దింది.

డీటీపీ షాపు హేమావతి వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తూ నవ్వింది.

"ఏమక్కా, మీ నాయనకు కుడెడమలు తెలీవా? సగం నీడలు ఈ పక్క, సగం ఆ పక్క!"

అవి రాసేనాటికే నాయనకు మతి తప్పుతూ ఉండిందా...

"అన్నీ ఒక పక్కకే తిప్పు పాపా," అంది ఈశ్వరి. నాయన పరువు కాపాడినట్టు.

ఫాంటు తయారైన రోజు, ఆయన పేరే అచ్చేయించి ఒళ్లో పెట్టింది. ఆయన నీడల మీద వేలు పోనిచ్చాడు.

"ఎవురివి మ్మే ఇవి?"

"నీవే, నాయనా."

"నావి కాదు. వీటికి పొద్దు యాడుండాదో తెలీదు. నావి గోడల మీద ఉండాయి. పోయి చూసొస్తా."

"పోదువులే," అని ఆమె బిడ్డకు నీళ్లు పోయడానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి మంచం మీద కాగితం. మనిషి లేడు.

తొమ్మిది రోజులు. గోడగోడా వెతికింది.

తొమ్మిదో సాయంత్రం, మూతపడ్డ టాకీసు గోడ. ఒకప్పుడు ఫస్ట్‌షోకు జనం నిలబడే వేళ. గోడలో దిగిన మేకు నీడ కుడికి సాగింది. అక్షరం నీడా కుడికే.

మర్నాడు పొద్దున్నే బస్టాండు గోడ. తొలి బస్సుల వేళ. అక్కడి మేకు నీడ ఎడమకు. అక్షరం నీడా ఎడమకే.

జనం ఏ గోడ ముందు ఏ వేళకు నిలబడతారో, ఆ వేళ పొద్దును చూసి వేసిన నీడలు.

ఒక్కటీ తప్పు లేదు.

గుర్తుపట్టనిది నాయన కాదు.

మీ ఊళ్లో, వెలిసిన గోడ ముందు, ఉత్త వేలితో అక్షరాలు దిద్దుతూ ఎవరైనా పెద్దాయన కనబడితే — కాస్త ఆగండి. తిన్నాడో లేదో కనుక్కోండి. నీడన కూర్చోబెట్టండి.

పేరు చెప్పలేకపోవచ్చు.

చెయ్యి పట్టుకుని చూడండి. కిరసనాయిలు వాసన వస్తుంది...