పై అరలోని తెల్ల తాను

గేట్ బజార్‌లో వెంకటరమణమూర్తి బట్టల దుకాణం పై అరలో ఒక తెల్ల తాను ఎప్పుడూ ఉండేది. చావు జరిగిన ఇంటివాళ్ళు ఎవరొచ్చినా ఆయనే నిచ్చెనెక్కి దించి, కత్తెర ముట్టకుండా చేత్తో చింపి, దండం పెట్టి ఇచ్చేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. దుకాణదారుల నోట్లో ఊతపదంలా నానే "మళ్ళీ రండి" అన్న మాట మాత్రం వాళ్ళతో పొరపాటున కూడా అనేవాడు కాదు.

ఆయన పోయి పదిహేను రోజులైంది. కొడుకు శ్యామసుందర్ గుండుతోనే ఆ ఉదయం దుకాణం తెరిచాడు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. తండ్రి కూర్చునే చోట కూర్చోడానికి ఒళ్ళు ఒప్పుకోక గుమ్మంలోనే తచ్చాడాడు. మొదటి బేరం రాకముందే మార్కండి అనే పల్లె నుంచి చేపలమ్మే ముసలి కాసమ్మ వచ్చింది. తమ్ముడు లక్ష్ముడు తెల్లవారుజామున పోయాడని, గుడ్డ కావాలని చెప్పింది. శ్యామసుందర్ నిచ్చెనెక్కాడు, చింపాడు, మడతపెట్టి చేతిలో పెట్టాడు. అంతా నాన్న చేసినట్టే చేసి, చివర్లో "మళ్ళీ రా అమ్మా" అన్నాడు.

కాసమ్మ గుడ్డ చంకలో పెట్టుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా! శ్యామసుందర్ నాలుక కరుచుకున్నాడు. తండ్రి ముప్ఫై ఏళ్ళు నిలబెట్టిన మర్యాదను తాను మొదటి రోజే మంటగలిపాడు. ఉన్న కాస్త జాగాలో అటూ ఇటూ పదిసార్లు తిరిగి, పదకొండోసారి షట్టర్ దించి స్కూటర్ తీశాడు. ఏడాది తిరిగేదాకా మరో చావింటి గడప తొక్కొద్దని తల్లి జయలక్ష్మి పదే పదే చెప్పిన మాట కూడా గుర్తు రాలేదు. దారి పొడుగునా క్షమాపణ కూర్చుకున్నాడు. ఒక్క మాటా కుదరలేదు.

మార్కండిలో పాడె కడుతున్నారు. కాసమ్మ ఎదురొచ్చింది. నోరు జారింది, మన్నించమని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"మీ నాన్నా ఒకపాలి అలాగే అనీసినాడు బాబూ," అంది కాసమ్మ. "మా ఇంటోడు పోయినప్పుడు. నీలాగే ఎనకాలే పరిగెత్తుకొచ్చినాడు. ఏటి సెప్పాలో తెలీక పాడె పట్టినాడు. ఆ దినం నుంచి మా ఈదిలో ఎవులు పోయినా వొచ్చేవోడు. కుడిపక్క ఎనక కొస ఆయనదే."

నాన్న పూజ కానిదే కాఫీ ముట్టని మనిషి. తాను పక్కన లేనిదే జయలక్ష్మి ముద్ద ఎత్తదని, ఎంత గిరాకీ ఉన్నా మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పరిగెత్తేవాడు. ఏడాదిలో ఏ నాలుగైదు రోజులో మాత్రం సాయంత్రం దాకా వచ్చేవాడు కాదు. వచ్చీ రాగానే పెరట్లోకి వెళ్ళి తలస్నానం చేసేవాడు. ఎక్కడికి వెళ్ళావు నాన్నా అని శ్యామసుందర్ ఎన్నడూ అడగలేదు. అడగనందుకు ఇప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మగవాళ్ళు పాడె చుట్టూ చేరారు. కుడిపక్క వెనక కొస దగ్గర ఎవరూ నిలబడలేదు. తల్లి పెట్టిన ఆంక్ష అప్పుడు గుర్తొచ్చింది. శ్యామసుందర్ ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నువ్వు తినీ. నాకు ఆలస్యమవుతాది. మార్కండిలో ఉన్నాను."

అవతల గిన్నెల మీద మూతలు పెడుతున్న చప్పుడు వినిపించింది.

"పెరట్లో నీళ్ళు తోడి ఉంచుతాను," అంది జయలక్ష్మి. "నువ్వొచ్చినాకే తింటాను."