ఐదింటికి ఒకటి

పొద్దున్న హాల్లో తడిగుడ్డ పెడుతుంటే రాణి లేవబోయి, వెనక కాళ్ళు టైల్స్ మీద జారి చతికిలబడింది. లేవలేక నావైపు చూసింది. బకెట్ పక్కకి జరిపి, పొట్ట కింద తువ్వాలు వేసి దాన్ని ఎత్తాను. ముప్ఫై కిలోల జర్మన్ షెపర్డ్ మరి! నా తుంటి కూడా కలుక్కుమంది. "అమ్మా" అన్నాను. ఎవరి తరఫున అన్నానో నాకే తెలీదు.

రాణి మా ఆయన ఉమాశంకర్ కుక్క. నెల్లిమర్లలో అందరూ అలాగే అంటారు. ఫొటోల్లో గొలుసు ఆయన చేతిలోనే ఉంటుంది మరి. దానికి అన్నం కలిపేదీ, దొడ్డికెళితే ఎత్తేదీ, కిందటేడు దాని కాన్పులో రాత్రంతా కూర్చుని పిల్లల్ని తుడిచి గుడ్డల్లో చుట్టిందీ నేను. అది పిల్లగా ఉన్నప్పుడు ఆయన "పదిమందీ సూసి ఎలుగుబంటి పిల్లనాల, బాగా పెట్టు" అనేవాడు. గిన్నె నిండా పప్పన్నం, నెయ్యి, పాలు పోసి మేపాను. అది బొద్దుగా తయారైతే మురిసిపోయాను కూడా.

మొన్న విజయనగరం తీసుకెళితే డాక్టరు దుర్గాభవాని గారు ఎక్స్‌రేని లైటు మీద పెట్టి చూపించారు. తుంటి గిన్నెలో కుదురుగా కూర్చోవలసిన ఎముక సగం బయటికి జారి ఉంది. "పెద్ద జాతుల్లో ఇది మామూలేనమ్మా. ఈ జాతిలో ఇంచుమించు ఐదింటికి ఒకదానికి ఉంటుంది. తల్లిదండ్రుల నుంచే వస్తుంది. పిల్లప్పుడు బరువు పెంచేసినా, నున్నటి నేల మీద తిరిగినా ముదురుతుంది. దీనికి మళ్ళీ క్రాసింగ్ చేయించకండి" అన్నారు.

మేపిన గిన్నె నాది. రోజూ నేల నున్నగా తుడిచే గుడ్డ నాది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. మా ఆయన మాత్రం "మామూలే" అన్న ఒక్క మాటా ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ మాట మా ఇంటికి కొత్తేం కాదు. రెండో కాన్పు నుంచి నాకీ తుంటి నొప్పి, ఏడేళ్ళు. మా అత్త లక్ష్మీనరసమ్మ "కన్నదానికి నొప్పులు మామూలే గదేటే, నాను నాట్లేసొచ్చి కూడొండలేదేటి?" అంది. ఆయన "బామ్ రాసుకో" అన్నాడు. నాకు ఎక్స్‌రే ఎవరూ తీయించలేదు. కుక్కకి తీయించారు. కుళ్ళుకున్నాను, నిజం చెప్పాలంటే. ఆ ఫిల్మ్ తెచ్చి బీరువాలో నా చీరల కింద పెట్టుకున్నాను.

రాణి జారకుండా గోనెసంచులు నాలుగు విప్పి హాల్లో పరిచాను. సాయంత్రానికి ఆయన వాటిని గుమ్మం బయటికి విసిరేశాడు.

"ఇంత మంచి టైల్స్ ఏయిస్తే గోనెలు పరుస్తావేటే? ఆదోరం ఎర్రన్న మగకుక్కని తెస్తన్నాడు. సూసి ఏటనుకుంటాడు?"

ఎర్రన్నది సాలూరులో లారీల వ్యాపారం.

"బావా, డాక్టరమ్మ వొద్దన్నాది గదా. పిల్లలక్కూడా ఇదే వస్తాది."

"ఐదింటికి ఒకటే అన్నాది గదా. నాలుగు బాగుంటాయి. నీకేటి తెలుసు?"

జబ్బున్న తల్లికి ఆ లెక్క పనికిరాదని డాక్టరమ్మ చెప్పేటప్పుడు ఆయన ఫోన్లో ఉన్నాడు. విన్నది నేనే. ఈ ఇంట్లో నేను విన్నది లెక్కలోకి రాదు.

ఆదివారం పెరట్లో రాణి గుర్రుమంటూ మగకుక్కని దగ్గరికి రానివ్వలేదు. వెనక కాళ్ళు వణుకుతున్నాయి.

"తుంటి గట్టిదేనా బావా?" అని ఎర్రన్న అడిగాడు.

"ఫస్టు క్లాసు" అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా.

చీరల కింద ఎక్స్‌రే ఉంది. పది అడుగులు నడిస్తే బీరువా. కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఒసే పద్మా, నువ్వొచ్చి తల పట్టుకో. నీ సేతిలో అయితే కదల్దు."

పళ్ళెం గట్టు మీద పెట్టాను. కింద కూర్చుంటుంటే తుంటి మళ్ళీ కలుక్కుమంది. ఈసారి "అమ్మా" అనలేదు. రాణి తలని ఒళ్ళోకి తీసుకున్నాను. గుర్రుమనడం ఆపి, నా మణికట్టు నాకింది.

ఇక కదల్లేదు. పట్టుకున్నది నేను కదా.