ఉప్పురాశి మీద అచ్చు

నవోమి ఉప్పు మడిలో కూలబడినప్పుడు నీళ్ల పీపా కళ్ల ముందే ఉంది. పీపా నిండా నీళ్లున్నాయి. మూతకు తాళం ఉంది. తాళంచెవి మేస్త్రీ మొలతాడుకు వేలాడుతోంది.

"నీళ్లియ్యి సామీ, బిడ్డ సొమ్మసిల్లింది," అంది తల్లి పిచ్చమ్మ.

"మధ్యాన్నం గంట కొట్టలా. ఒక్కదానికి తీస్తే అందరూ ఎగబడతారు. పని ఎవురు చేస్తారు, మీ తాతా?"

గంట కొట్టేసరికి నవోమి లేదు.

కరుణాకుమారి ఇదంతా కట్ట మీద నిలబడి చూసింది. ఉప్పు పండించే ఆ కొటారు పక్కన పాకబడిలో పంతులు జకరయ్యకు కొత్త పెళ్లాం ఆమె. నెల్లూరులో బి.ఏ. చదివింది. ఆ పూట మొగుడికి ఇష్టమని చింతచిగురు పప్పు చేసి, క్యారియరు ఊపుకుంటూ బయల్దేరింది. కాలవలో తెరచాప పడవ పోతుంటే చూస్తూ నిలబడింది. తనకూ ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో తన చేత్తో పెట్టిన పోపు ఉంది అనుకుంటే ఆమెకు నవ్వొచ్చేది.

ఆ రోజు నుంచి నవ్వు రాలేదు. వింతేమిటంటే ఏడుపూ రాలేదు. జకరయ్య తెచ్చిన మల్లెపూలు తల్లో పెట్టుకుంది, వాసన తెలియలేదు. ఉప్పు కూలీల పాదాలూ అంతే. కొత్తల్లో మండుతాయి, పుళ్లు పడతాయి, ఆపైన మొద్దుబారి ఏమీ తెలియవు. కంట్రాక్టరు పద్మనాభయ్య సంపాదన అంతా ఆ మొద్దుబారిన పాదాల మీదే నిలిచింది.

"చదువుకున్నదానివి గదా, అయ్యోరమ్మా," అంది పిచ్చమ్మ. "పేపర్లో రాయి. తాళం సంగతి రాయి. నాకింకేం వద్దు."

నెల్లూరులో వారపత్రిక నడిపే రంగనాయకులు ఆమె రాసింది చదివి ఎర్ర పెన్సిలు తీశాడు. చెడ్డవాడు కాదు. ముందు టీ తెప్పించాడు.

"అమ్మాయ్, వార్తంటే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది. ఎందుకు అన్నది సర్కారు తేల్చాలి. తాళం నీ అభిప్రాయం."

"అభిప్రాయం కాదండీ. ఇనప తాళం. నేను చూశాను."

"చూసిందంతా వార్త కాదు," అని నాలుగు లైన్లు మిగిల్చాడు. ఉప్పు కొటారులో వడదెబ్బకు కూలీ మృతి.

ఆ నాలుగు లైన్లూ కొటారు పాకలో ఆమె చదివింది. కూలి జనం కింద కూర్చుని విన్నారు.

"మళ్లీ సదువు," అంది పిచ్చమ్మ.

చదివింది.

"తాళం యాడుంది?"

కరుణాకుమారి కాయితం మడిచింది.

విచారణకు తాసీల్దారు వచ్చినప్పుడు పద్మనాభయ్య అదే కాయితం చేతికిచ్చాడు. "పేపరోళ్లే రాసినారు సార్, ఎండకు పోయిందని. కేసు పెట్టాలంటే సూర్యుడి మీద పెట్టుకోండి." తాసీల్దారు నవ్వాడు. మేస్త్రీ ఆయనకు కొబ్బరి బొండం కొట్టిచ్చాడు.

కరుణాకుమారి మళ్లీ బస్సెక్కింది. వార్త కాకపోతే ఇంకో రకం రాత నేర్చుకుంటానంది. సంపాదకుడికి లేఖ రాసి కూలీలందరి చేత వేలిముద్రలు వేయించింది. "లేఖ కింద పేరుండాలమ్మా," అన్నాడు రంగనాయకులు. "రేపు పోలీసొచ్చి అడిగితే నేనే రాశానని నిలబడేవాళ్ల పేరు. వేలిముద్ర నిలబడదు." జకరయ్య ఉద్యోగం తలుచుకుని ఆమె తన పేరు పెట్టలేకపోయింది. విశేష వ్యాసం రాసింది. 'ఉప్పు పుట్టే చోటు' అని వేశారు. తెల్లటి రాశులూ కొంగల బారులూ ఉంచి, పీపా ఉన్న పేరా కోశారు. సంపాదకీయం రాస్తానంటే, అది తానొక్కడే రాసేదన్నాడు. ఆ వ్యాసం పడిన పేజీలోనే, కిందుగా, పద్మనాభయ్య గారి ఉప్పు వ్యాపార ప్రకటన ఉంది. రంగనాయకులు ఆమెకు నేర్పని రకం అదొక్కటే.

పాకలో మీటింగు పెట్టారు. బండలాంటి గొంతుతో ఆదిశేషమ్మ మొదలెట్టింది.

"రాతలు సాలు. రేపట్నించి పన్లోకి దిగొద్దు. తాళం తీసేదాకా ఒక్కరూ దిగొద్దు."

"మనం దిగకపోతే వాకాడు నించి జనాన్ని తెస్తాడు మే," అన్నాడు సిలార్. పీపా బండి తోలేది అతనే. "ఎలక్షన్లప్పుడు తేలేదా?"

"తెస్తే వాళ్లకూ తాళమే గదా వేసేది."

"వాళ్లకు తెలిస్తే గదా, తాళముందని."

అందరూ కరుణాకుమారి వైపు చూశారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. నేర్చుకున్న రకాల్లో తాళానికి ఎక్కడా చోటు లేదని. వార్తలో అభిప్రాయమంటారు, లేఖకు పేరు లేదంటారు, వ్యాసానికి అందం చాలంటారని.

"అయితే అచ్చు మనమే వేసుకుందాం," అన్నాడు పోలేరయ్య. అతను కాలవ పడవలు బాగుచేసే వడ్రంగి.

"మిషనుందా నీ కాడ?"

"రాశుండాది గదా."

ఉప్పు రాశి పోశాక పక్కలు తడిపి, చెక్కతో తట్టి నున్నగా చేస్తారు. సాయంత్రం సర్కారు జవాను చెక్క ముద్రలు తెచ్చి చుట్టూ అద్దుతాడు. ఇక తూకమయ్యేదాకా ఆ రాశిని కంట్రాక్టరైనా ముట్టకూడదు. ముద్ర చెదిరితే దొంగతనం కేసు. ఇది ఆ కొటార్లో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు.

"ముద్ర పడకముందు మన అచ్చేస్తే?" అంది ఆదిశేషమ్మ మెల్లగా.

"ఎవుడు చెరుపుతాడు?" అన్నాడు పోలేరయ్య.

ఏం వేయాలన్న దాని మీద పెద్ద తగువే జరిగింది. ఒకరు బూతులు వేయమన్నారు. ఒకరు నవోమి పెళ్లి ముచ్చట కూడా చెప్పమన్నారు. చివరికి పిచ్చమ్మ చెప్పిన మాటలే నిలిచాయి. కరుణాకుమారి పెద్ద అక్షరాలతో చెక్క మీద రాసిచ్చింది, పోలేరయ్య ఉలితో చెక్కాడు. తడి ఇసకలో అద్ది చూస్తే అక్షరాలన్నీ వెనక్కి తిరిగి కూర్చున్నాయి.

"ఏంది అయ్యోరమ్మా, అట్టా చూస్తా ఉండావు?"

"తిరగబడింది పోలేరయ్యా. అచ్చుకు రివర్సులో చెక్కాలి. నాకు తట్టనే లేదు."

"బి.ఏ. అంట," అంది ఆదిశేషమ్మ. పాకంతా నవ్వింది. పిచ్చమ్మ కూడా. కరుణాకుమారి నోరు కూడా నవ్వింది, లోపల మాత్రం ఏదీ కదల్లేదు. తప్పు చెక్కను కాలవ గట్టున పారేసి పోలేరయ్య కొత్తది పట్టుకున్నాడు.

మర్నాటి సాయంత్రం, మేస్త్రీ కల్లు పాక దారి పట్టాక, రాశి వెనక రాశి, ఆడవాళ్లు ఇటు పట్టి మగవాళ్లు అటు పట్టి అచ్చేశారు. ముద్రలు తెచ్చిన జవాను అరవ మనిషి. తెలుగు చదవలేడు.

"ఎన్న ఇది?"

"నా బిడ్డ సావు కబురు," అంది పిచ్చమ్మ.

జవాను రాశి వైపు చూశాడు. పీపా వైపు చూశాడు. తనూ ఎన్నోసార్లు మేస్త్రీని బతిమాలి ఆ నీళ్లే తాగాడు. ఇంకేమీ అడగకుండా ఒక్కో రాశి చుట్టూ సర్కారు ముద్రలు అద్దుకుంటూ పోయాడు.

తెల్లారి ఉప్పు కొనే వర్తకులొచ్చారు, పడవలొచ్చాయి. చదువొచ్చిన వాళ్లు చదవగా రాని వాళ్లు విన్నారు. నవోమిని ఎండ చంపలేదు. పద్మనాభయ్య నీళ్ల పీపాకు వేసిన తాళం చంపింది. ఏ రాశి దగ్గరికి పోయినా అదే. పద్మనాభయ్య జీపు దిగి చూసి, "చెరపండిరా," అని అరిచాడు. మేస్త్రీ పార ఎత్తాడు.

"సీలు మేల కై... చెయ్యి పడితే కేసు నీ మీద," అన్నాడు జవాను.

ఎత్తిన పార కిందికి దిగింది.

అప్పుడే సిలార్ బండి వచ్చింది. పీపాకు మూత లేదు.

"మూత యాడరా?" అన్నాడు మేస్త్రీ.

"దోవలో పడింది సామీ. తాళంతో సహా పడింది."

గంట ఇంకా కొట్టలేదు. ఆదిశేషమ్మ ఉప్పు లాగే పలక కింద పడేసి మడిలోంచి బయటికొచ్చింది. ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. తొందర లేకుండా, దోసిళ్లు పట్టి, కంట్రాక్టరు చూస్తుండగా తాగారు.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. "ఎవురు రాసింది?" అన్నాడు ఎస్సై.

"నేను," అంది పిచ్చమ్మ.

"నీకు అచ్చరం వచ్చునా?"

"నా బిడ్డ పేరు వచ్చు నాకు."

"నేను," అన్నాడు పోలేరయ్య. "నేను," అంది ఆదిశేషమ్మ. అందరూ అన్నారు. కరుణాకుమారి కట్ట దిగి ముందుకు వచ్చింది. జకరయ్య బడి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆపలేదు. తల ఊపాడు.

"కరుణాకుమారి. పేరు రాసుకోండి," అంది. "రాసింది నేను. వేసింది వీళ్లు."

ఆమెనూ పిచ్చమ్మనూ జీపెక్కించారు. కాలవ గట్టు మీద జీపు అల్లూరు స్టేషను దారి పట్టింది. అచ్చేసేటప్పుడు ఉప్పు నీళ్లలో నడిచిన కరుణాకుమారి కాళ్లు మొద్దుబారినట్టే ఉన్నాయి. పక్క కొటారు వచ్చింది. ఇంకో కంట్రాక్టరుది. అక్కడి కూలీలు పనాపి, రాశుల ముందు వరసగా నిలబడి జీపునే చూస్తున్నారు.

రాశుల మీద అక్షరాలున్నాయి. అన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి.

పోలేరయ్య గట్టున పారేసిన తప్పు చెక్క.

కరుణాకుమారి కాళ్లు భగ్గున మండాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏందది?" అన్నాడు కానిస్టేబులు మెడ సాచి. "ఏం బాషది?"

ఆమె అతనికి, గట్టిగా, మొదటి అక్షరం నుంచి చదివి వినిపించింది.