వంకర కత్తిరింపు

అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో జరిగే పాతనోట్ల ప్రదర్శనలో ఓర్ఫా లిండ్‌క్విస్ట్ బల్ల దగ్గరికి ప్రతి ఏడూ వచ్చి పుండు మీద కారం చల్లిపోవడం వెర్లిన్ టట్‌కు సరదా. ఇద్దరిదీ హాజెల్ రిడ్జే. ఎప్పుడో మూతపడ్డ ఆ ఊరి బ్యాంకు పేరున అచ్చయిన ఐదు డాలర్ల నోట్లలో మిగిలినవి రెండే. చెరొకటి దక్కించుకున్నారు.

"ఎలక కొరికిన నోటు ఇంకా దాచావా?" అన్నాడు వెర్లిన్.

ఓర్ఫా నోటుకు కింది అంచు వంకర. ఆ కాలంలో నోట్లు ఒక్కో కాగితం మీద ఒకదాని కింద ఒకటిగా నాలుగేసి వచ్చేవి. బ్యాంకు క్యాషియరే కత్తెరతో విడదీసేవాడు.

"ముప్పై ఏళ్లుగా కోతలు కోస్తున్నావు. నీ నోటు ఒక్కసారైనా చూపించిన పాపాన పోయావా? ఏదీ, తియ్!" అని గద్దించింది ఓర్ఫా.

జనం తిరిగి చూశారు. చివరికి వెర్లిన్ కోటు జేబులోంచి నోటున్న ప్లాస్టిక్ తొడుగు తీశాడు. ఆ నోటు పై అంచు కూడా అంతే వంకర!

ఓర్ఫా దాన్ని లాక్కుని తన నోటు కింద పెట్టింది. వంపులో వంపు అతికినట్టు సరిపోయింది. నూరేళ్ల కిందటి ఒక్క కత్తెర వేటు. వెర్లిన్ కళ్లు చెమర్చాయి, ఓర్ఫా చప్పట్లు కొట్టి నవ్వింది.

"నాకు అమ్మెయ్," అన్నారిద్దరూ ఒకేసారి.

"చచ్చినా అమ్మను," అన్నదీ ఒకేసారే.

"అయితే ఆదివారం భోజనానికి రా," అంది ఓర్ఫా. "నోటు లేకుండా నువ్వొక్కడివే వస్తే మాత్రం తలుపు తియ్యను."